గల్లా పెట్టె ఎవరి దగ్గర?

పోయిన నెల ఈ పత్రికలో మా హాట్ డాగ్ బండి గురించి రెండు పేజీలు వేశారు. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల కట్ట నా చేతిలో పెట్టి, "జవాబులు మీరే రాయండమ్మా" అన్నారు. నేను రాసే మనిషిని కాదు. చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పదిన్నర దాకా పెనం ముందు నిలబడే మనిషిని. మధ్యాహ్నం పూట ఉల్లిపాయలు తరిగే టైములో మా అమ్మాయి ఉత్తరాలు చదివింది, నేను చెప్పింది రాసుకుంది.

మా సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. హాట్ డాగ్ అంటే పొడుగు బన్ను మధ్యలో సాసేజ్, అంటే మాంసం ఖీమాను పొడుగ్గా చుట్టి చేసింది, పెట్టి ఇచ్చేది. మా అత్తమ్మది మిర్చి బజ్జీల బండి. మా మరిది అప్పట్లో ఒక మల్టీప్లెక్స్‌లో తినుబండారాల కౌంటర్ మీద పనిచేసేవాడు. "వదినా, అక్కడ నూట యాభైకి అమ్మే హాట్ డాగ్‌ను మనం నలభైకి ఇవ్వలేమా" అన్నాడు ఒకరోజు. 2013లో అలా మొదలుపెట్టాం. బండి దగ్గర మా ఆయన, మరిది, నేను. ఇంట్లో తోటికోడలు.

అక్కా, మావారి ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. మా మరిదితో కలిసి హాట్ డాగ్ బండి పెడదామంటున్నారు. చేతిలో మూడు లక్షలున్నాయి. రెడీమేడ్ బండి లక్షా ఎనభై వేలు చెప్పారు. కొనాలా, చేయించుకోవాలా?
– ఒక చెల్లెలు, రామంతాపూర్

ఇప్పుడే రెండూ వద్దు చెల్లీ. ముందు ఒక బల్ల, ఒక పొయ్యి, ఒక పెనం పెట్టి, తెలిసినవాళ్ల కిరాణా షాపు ముందు రెండు వారాలు అమ్మి చూడండి. మీ వీధిలో మాత్రం వద్దు. చుట్టాలు, పక్కింటివాళ్లు మొహమాటానికి కొంటారు, బాగుందనే చెబుతారు. ముక్కూ మొహం తెలియని కుర్రాడు రెండోరోజు మళ్లీ వచ్చాడా అన్నదే చూసుకోవాలి. రెండు వారాలు నిలబడితే మీ ఆయనకు, మీ మరిదికి ఒకరి పక్కన ఒకరు పని చేయడం కుదురుతుందో లేదో కూడా తెలిసిపోతుంది. మూడు లక్షలు పెట్టాక తెలిస్తే కష్టం.

ఆ తర్వాత చేయించుకోండి. రెడీమేడ్ బండి చూడటానికి పెళ్లికూతురిలా ఉంటుంది గానీ, ఎవరి ఎత్తుకు చేశారో తెలియదు. మా మొదటి బండి బాలానగర్‌లో ఒక వెల్డింగ్ షాపులో చేయించాం. 62 వేలైంది. దానిలో మేం చేసిన తప్పులన్నీ చెబుతాను, ఇంకా నడుము నొప్పి రూపంలో గుర్తున్నాయి కాబట్టి.

పెనం ఎత్తు మా మరిది కొలతకు పెట్టించాం. అతను ఐదు అడుగుల పది అంగుళాలు. నేను ఐదుకు కొంచెం పైన. ఏడాదిపాటు చెక్క పీట మీద నిలబడి కాల్చాను. ఎవరు ఎక్కువసేపు పెనం ముందు ఉంటారో వాళ్లను షాపుకు తీసుకెళ్లండి. మోచేయి దగ్గర నుంచి నాలుగు వేళ్లు కిందికి పెనం రావాలి.

పైకప్పు రేకు ముందుకు ఒక అడుగే వదిలాం. వానొస్తే నిలబడి తినేవాళ్ల నెత్తిన ధార. హైదరాబాద్‌లో జూన్ నుంచి అక్టోబరు దాకా ఏ సాయంత్రం ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. రెండున్నర అడుగులైనా వదలండి, నీళ్లు వెనక్కి జారేలా వాలు పెట్టించండి.

స్టీలు విషయంలో మోసపోయాం. వెల్డింగ్ అతను మంచిదైన 304 రకం అని డబ్బు తీసుకుని, తక్కువ రకం 202 వేశాడు. అయస్కాంతం అంటకపోతే మంచి స్టీలే అనుకుంటారు చాలామంది, మేమూ అనుకున్నాం. 202కి కూడా అయస్కాంతం అంటుకోదు. స్టీలు షాపుల్లో పరీక్ష చేసే మందు చిన్న సీసాలో ఉంటుంది. చుక్క వేస్తే 202 మీద ఎర్రగా తిరుగుతుంది. రేకు కోయకముందే మీ కళ్ల ముందు వేయించండి. టమాటా సాస్, ఉప్పు, నిమ్మరసం పడేచోట 202 అయితే ఏడాది తిరిగేసరికి గోధుమ రంగు మచ్చలొస్తాయి. మొత్తం బండి 304తో చేయించాల్సిన పని లేదు. తిండి తగిలే పైభాగం, డబ్బాలు, సింకు అదైతే చాలు. కింద ఫ్రేముకు మామూలు ఇనప యాంగిల్ వేయించి రంగు కొట్టించండి.

సిలిండర్ గూడు మేం నాలుగువైపులా మూసేయించాం, చూడ్డానికి నీట్‌గా ఉంటుందని. ఒకరోజు గ్యాస్ ఏజెన్సీ కుర్రాడు చూసి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. వంట గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే కిందికి దిగి అక్కడే నిలబడుతుంది. గూడు అడుగున, కింది అంచున రంధ్రాలుండాలి. పెనం సరిగ్గా దాని నెత్తిన ఉండకూడదు. ఇంటి ఎర్ర సిలిండర్ బండికి వాడటం నేరం, పట్టుకుంటే తీసుకెళ్లిపోతారు. 19 కిలోల నీలం సిలిండర్ లేదా చిన్న 5 కిలోలది తీసుకోండి. ట్యూబు పగుళ్లు పట్టేదాకా వాడే పొదుపు వద్దు.

చేతులు కడుక్కునే నీళ్ల డబ్బా, మురికి నీళ్ల డబ్బా విడివిడిగా పెట్టించండి. మురికి నీళ్లది పెద్దదిగా ఉండాలి. మేం రెండూ ఒకే సైజు పెట్టి, రోజూ రాత్రి తొమ్మిదికల్లా పొంగించేవాళ్లం. చక్రాలు నాలుగూ తిరిగేవి వద్దు, ముందు రెండు తిరగాలి, వెనక రెండు నిలకడగా ఉండాలి. బ్రేకులు తప్పకుండా పెట్టించండి. అశోక్‌నగర్ వాలులో ఒక సాయంత్రం మా బండి దానంతటదే నడిచి వెళ్లి ఒక స్కూటర్‌ను ముద్దు పెట్టుకుంది. రిపేరుకు పద్దెనిమిది వందలు ఇచ్చుకున్నాం.

రోలర్ గ్రిల్ కొనాలా అని కూడా రాశారు మీరు. అద్దం వెనక సాసేజ్‌లు గుండ్రంగా తిరిగేది. కరెంటు కావాలి, రోడ్డు మీద కరెంటెక్కడిది? న్యూయార్క్ బండ్లవాళ్లు వేడి నీళ్లలో ఉంచి అమ్ముతారట. మనవాళ్లకు అది నచ్చదు, ‘ఉడకబెట్టిందా’ అని మొహం పెడతారు. పెనం మీద వెన్నలో చురుకు తగలాల్సిందే. నీళ్లు మరిగించకుండా సన్న సెగన ఐదు నిమిషాలు వేడిచేసి, తర్వాత పెనం మీద దొర్లించండి. మరిగే నీళ్లలో వేస్తే తొక్క చిట్లి రసమంతా నీళ్లలోకి పోతుంది.

బన్ను గురించి ఒక్క మాట. ఇరానీ బేకరీ పావ్‌తో మొదలుపెట్టకండి. చాయ్‌లోకి దాన్ని మించింది లేదు గానీ, సాసేజ్ పెట్టి సాస్ పోస్తే చేతిలోనే విడిపోతుంది. దగ్గరి బేకరీ అతనితో మాట్లాడి ఆరంగుళాల పొడుగు బన్ను, తీపి తగ్గించి, రోజూ మధ్యాహ్నం కాల్చి ఇచ్చేలా మాట్లాడుకోండి. పక్క నుంచి కోయండి, చివరిదాకా తెగనివ్వకండి.

మేడమ్, హాట్ డాగ్ అని బోర్డు పెడితే ‘కుక్క మాంసమా’ అని అడుగుతున్నారు. పేరు మార్చమంటారా?
– వనస్థలిపురం నుంచి ఒక తమ్ముడు

మా అత్తమ్మ ఈరోజుకీ ఆ పేరు పలకదు. ‘ఆ రొట్టె’ అంటుంది. జర్మనీవాళ్ల సాసేజ్ అమెరికా వెళ్లి బన్నులో దూరింది. పొడుగ్గా, పొట్టి కాళ్లతో ఉండే జర్మన్ల కుక్కతో దాన్ని పోల్చి నవ్వుకోవడం వల్ల ఆ పేరు వచ్చిందని చెబుతారు. మీ ఒక్కరికే వచ్చిన కష్టం కాదు. 2016లో మలేసియాలో హలాల్ సర్టిఫికెట్ కావాలంటే పేరులో డాగ్ ఉండకూడదని అక్కడి మతశాఖవాళ్లే చెప్పారు.

మేం ఒకసారి పేరు మార్చాం. ‘చికెన్ సాసేజ్ రోల్’ అని రాయించాం. గిరాకీ తగ్గింది. రోల్ అంటే పరోటాలో చుట్టిందని వచ్చి, బన్ను చూసి వెళ్లిపోయేవాళ్లు. మళ్లీ పాత పేరే పెట్టి, దాని కింద ‘చికెన్ మాత్రమే, హలాల్’ అని అదే సైజు అక్షరాలతో తెలుగులో, ఉర్దూలో రాయించాం. నిజంగా హలాల్ సరుకే తెచ్చి, ప్యాకెట్ అడిగినవాళ్లకు చూపించండి. మన ఊళ్లో ఆ ఒక్క మాట మీద సగం గిరాకీ ఆధారపడి ఉంటుంది. రంజాన్ రాత్రుల్లో మీకే తెలుస్తుంది.

ఇంట్లో గుడ్లు, నూనె చిలికి మయోనైజ్ అనే తెల్ల సాస్ చేసి బండికి పంపుతున్నాను. బయట కొన్నదానికంటే రుచిగా ఉందంటున్నారు. కొందరు ప్రమాదమంటున్నారు. నిజమేనా?
– ఒక గృహిణి, కూకట్‌పల్లి

నిజమే అమ్మా, మానేయండి. 2024 అక్టోబరులో నగరంలో మయోనైజ్‌తో ఇచ్చిన మోమోలు తిని ఒకావిడ చనిపోయారు, పదుల మంది ఆస్పత్రుల పాలయ్యారు. అదే నెల 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డు మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే క్రిమి ఉండొచ్చు. వేడి తగిలితే చస్తుంది. మయోనైజ్‌కు వేడి తగలదు కదా, పైగా మన బండి మీద మే నెల ఎండలో సీసా నాలుగు గంటలు నిలబడుతుంది. మీ చేతి శుభ్రతకు దీనితో సంబంధం లేదు. గుడ్డు లేని మయోనైజ్ ప్యాకెట్లు దొరుకుతాయి. లేదంటే మా తోటికోడలి పద్ధతి: గట్టి పెరుగు గుడ్డలో కట్టి నీళ్లు వార్చి, వెల్లుల్లి, మిరియాలు, చిటికెడు చక్కెర. పూటకు సరిపడా చేసి, ఐస్ డబ్బాలో పెట్టండి, మిగిలితే పారబోయండి.

సాసేజ్ సంగతీ చెప్పాలి. ప్యాకెట్‌లో ఉడికే వస్తుంది కదా అని కొందరు గోరువెచ్చగా చేసి ఇచ్చేస్తారు. పొగలు వచ్చేదాకా లోపలికి వేడెక్కాలి, అమ్మేదాకా 60 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలి. గుచ్చి చూసే థర్మామీటర్ ఒకటి కొనండి, వెయ్యి రూపాయల్లోపే వస్తుంది. గడ్డకట్టిన ప్యాకెట్‌ను రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి దించండి. బకెట్ నీళ్లలో, ఎండలో కరిగించకండి, కరిగినదాన్ని మళ్లీ గడ్డ కట్టించకండి. కడుపుతో ఉన్నవాళ్లు వస్తే నేను ఇంకో మూడు నిమిషాలు ఎక్కువ కాలుస్తాను. లిస్టీరియా అనే ఒక క్రిమి ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుంది, గర్భిణులకు అది చాలా చెరుపు.

2015 వేసవిలో ఒక రాత్రంతా కరెంటు పోయి మా ఫ్రీజర్‌లో ఆరు కిలోలు మెత్తబడ్డాయి. వాసనేం రాలేదు. మా ఆయన ‘బాగా కాల్చి అమ్మేద్దాం’ అన్నాడు. ఇంట్లో పెద్ద గొడవైంది. చివరికి చెత్త ఆటోలో వేశాం. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు.

నాకు మున్సిపాలిటీ వెండర్ కార్డు ఉంది. అయినా లేపేస్తున్నారు. కార్డు ఉండి లాభమేంటి?
– మెహిదీపట్నం నుంచి ఒక అన్న

లాభం ఉందన్నా, కానీ కార్డు అంటే జాగాకు పట్టా కాదు. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. సర్టిఫికెట్ ఉన్నవాళ్లను కదిలించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సామాను తీసుకెళ్తే జాబితా రాసి మీకో కాపీ ఇవ్వాలి. పాడయ్యే సరుకైతే అడిగిన రోజే, మిగతావి రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. చట్టం పేరు, సంవత్సరం ఒక కాగితం మీద రాసి కార్డు వెనక పెట్టుకోండి. అరవకుండా ‘జాబితా రాసివ్వండి సార్’ అని అడగండి. మాకు రెండుసార్లు పనిచేసింది, ఒకసారి పనిచేయలేదు.

2022 అక్టోబరులో ట్రాఫిక్ పోలీసులు రోడ్డుకు అడ్డంగా ఉన్నవన్నీ తీసేయించే ఆపరేషన్ రోప్ మొదలుపెట్టినప్పుడు మేం పదహారు రోజులు బండి తీయలేదు. అప్పుడు అర్థమైంది, మెయిన్ రోడ్డు మీద ఆశ పెట్టుకోకూడదని. లైబ్రరీ వెనక గల్లీలోకి జరిగాం. గ్రూప్స్‌కు చదివే పిల్లలు గల్లీలోకి కూడా నడిచి వచ్చారు. ఆ ఏడాదే గ్రూప్-1 నోటిఫికేషన్ పడింది. నోటిఫికేషన్ పడితే మా గల్లీ పెళ్లివారిల్లే. పరీక్ష రద్దయిందన్న రోజు మాత్రం ఎవరూ తినరు, ఊరికే నిలబడతారు.

కార్డుతో ఇంకో ఉపయోగం పీఎం స్వనిధి, అంటే వీధి వ్యాపారులకు కేంద్రం పథకం కింద బ్యాంకు ఇచ్చే అప్పు. 2020లో లాక్‌డౌన్ తర్వాత మేం మొదటి విడత 10 వేలు తీసుకుని సరుకు తెచ్చుకున్నాం. 2025లో దాన్ని మార్చారు. ఇప్పుడు మొదటి విడత 15 వేలు, రెండోది 25 వేలు, మూడోది 50 వేలు. వాయిదా తప్పకుండా కడితే 7 శాతం వడ్డీ రాయితీ వస్తుంది. రోజుకు వందకు పది తీసుకునే ఫైనాన్స్ అతని దగ్గరికి వెళ్లేముందు బ్యాంకుకు వెళ్లండి. ఫుడ్ సేఫ్టీవాళ్ల దగ్గర రిజిస్ట్రేషనో లైసెన్సో కూడా ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు, ఏది కావాలన్నది ఏడాది అమ్మకాన్ని బట్టి ఉంటుంది.

కార్డు ఎవరి పేరు మీద ఉందన్నది చూసుకోండి. కింది ఉత్తరానికి జవాబులో దాని సంగతి వస్తుంది.

అక్కా, మా బావగారు, మావారు కలిసి బండి నడుపుతారు. నేను పొద్దున ఆరింటికి లేచి చట్నీలు, ఉల్లిపాయలు, సలాడ్ అన్నీ చేసి పంపుతాను. గల్లా బావగారి దగ్గరే. రోజుకు ఆరేడు వేలు వస్తుందని మావారే చెబుతారు. పిల్లాడి ఫీజు అడిగితే ‘ఎక్కడున్నాయి, అన్నీ ఖర్చయిపోయాయి’ అంటారు. బావగారు చెడ్డవారు కాదు, తాగరు. మరి డబ్బులు ఏమవుతున్నాయి?
– పేరు రాయవద్దు, అంబర్‌పేట

చెల్లీ, మీ ఉత్తరం మా అమ్మాయి చదువుతుంటే మా తోటికోడలు గిన్నె పక్కన పెట్టి వచ్చి కూర్చుంది. ‘ఇది నేను రాయలేదు అక్కా’ అంది నవ్వుతూ. 2016లో అయితే ఆమే రాసేది.

ఆ ఏడు దసరా ముందు మా మరిది కూతురి ఫీజు 18 వేలు కట్టాలి. గల్లా మా ఆయన దగ్గర. తెరిస్తే రెండు వేల చిల్లర ఉంది. మా ఆయన చిట్టీ కట్టాడు, అత్తమ్మ కళ్ల ఆపరేషన్‌కు ఇచ్చాడు, ఊళ్లో పెళ్లికి పెట్టాడు. ఒక్క రూపాయి తన సొంతానికి వాడుకోలేదు. అయినా తప్పు మాదే. మరిది ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి బండి దగ్గరికి రావడం మానేశాడు. పన్నెండు రోజులు నేనూ మా ఆయనా ఇద్దరమే లాగాం. ఒకే వంటిల్లు, ఒకే బాత్రూము, మాటల్లేవు.

అత్తమ్మే దారి చూపింది. ఆమె బజ్జీల బండి నడిపిన రోజుల్లో రాత్రి ఇంటికొచ్చి చీర కొంగుకు మూడు ముడులు వేసేది. ఒకటి రేపటి శనగపిండికి, ఒకటి ఇంటికి, ఒకటి బండికి. ‘మీ గల్లాకు ముడులేవిరా’ అంది.

మీ ఇంట్లో లెక్క ఎలా పోతుందో నేను ఊహించి చెప్పలేను, మా లెక్క చెబుతాను. ఇవి ఇప్పటి ధరలు. ఒక సాసేజ్ 17 రూపాయలు, బన్ను 9, వెన్న, సాస్‌లు, ఉల్లి కలిపి 6, కాగితం, టిష్యూ 2, గ్యాస్ 2. మొత్తం 36. అమ్మేది 70. మిగిలేది 34. మంచి రోజున 90 పోతాయి. గల్లాలో 6,300 కనిపిస్తుంది. మీ ఆయన చెప్పే ఆరేడు వేలు ఇదే. అందులో మనది 3,060. బండి ముందు పెట్టుకోనిచ్చే షాపు అతనికి, రాత్రి బండి పెట్టే షెడ్డుకు, ఐసుకు, నీళ్లకు కలిపి 380 పోతే 2,680. మేం మొదట్లో ఇలా మిగిలేదాన్నే లాభం అనుకున్నాం. అన్నదమ్ముల మధ్య కూలేంటని మరిదీ, ఇంటి ఆడవాళ్లకు జీతమేంటని మా ఆయనా అన్నారు. ఇప్పుడు బండి దగ్గర నిలబడే ముగ్గురికి 500 చొప్పున 1,500, ఇంట్లో పని చేసే తోటికోడలికి మూడు గంటలకు 300 తీసేస్తాం. మిగిలేది 880. బండి సంపాదించింది అదీ. అందులో 300 రిపేర్ల డబ్బాలోకి, 580 నెలాఖరున రెండు కాపురాలకు చెరిసగం.

కూలి ఏ రోజుది ఆ రాత్రే చేతిలో పెట్టాలి, ‘నెలాఖరున చూద్దాం’ అనకూడదు. తోటికోడలి 300 ఆమె చేతికే ఇస్తాం, మరిదికి కాదు. మొదటి రాత్రి ఆమె తీసుకోలేదు. రెండో రాత్రి తీసుకుంది. మూడో నెలలో మరిది తన కూతురి ఫీజు తనే కట్టాడు, ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు కూడా. రసీదు టీవీ మీద కనిపిస్తే నాకు తెలిసింది.

వాన పడి 30 అమ్మిన రోజున 1,020 మిగులుతుంది, 380 పోతే 640. నలుగురి కూలి రాదు. ఆ రోజు సగం కూలి, అది కూడా కొంత డబ్బాలోంచి తీసి. ఇలాంటివి నెలకు నాలుగొచ్చినా తట్టుకుంటాం, పది వస్తే అందరం మూతులు ముడుచుకుంటాం. పుస్తకం ఉన్నంత మాత్రాన పోట్లాటలు పోవు చెల్లీ. ఇప్పుడు మేం వెన్న ఎక్కువ రాస్తున్నారని పోట్లాడుకుంటాం.

మీ బావగారితో ‘డబ్బులు ఏమయ్యాయి’ అని మొదలుపెట్టకండి. దొంగ అన్నట్టే వినిపిస్తుంది. ‘బావగారూ, ఈ నెల పుస్తకం నేను రాస్తాను, మీరు అంకెలు చెప్పండి చాలు’ అని మీ ఆయనతో అడిగించండి. ఇప్పుడు సగం డబ్బులు ఫోన్‌లోకి వస్తున్నాయి కదా. క్యూఆర్ స్కానర్ ఎవరి ఖాతాకు ఉందో చూడండి. మాది ముందు మా ఆయన సొంత ఖాతాకు ఉండేది. ఇంటి కరెంటు బిల్లు, బండి సరుకు అన్నీ కలిసిపోయేవి. బండికి వేరే ఖాతా తెరిచాక గొడవ సగమైంది. ఇంకో సంగతి కూడా బయటపడింది. రోజుకు 6,300, నెలకు 26 రోజులు వేస్తే ఏడాదికి 19 లక్షల 65 వేలు. అమ్మకం 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. లెక్కలోకి వచ్చేది లాభం కాదు, మొత్తం అమ్మకం. వానలు, కార్తీక మాసం మమ్మల్ని గీత కింద ఉంచుతున్నాయి.

ఇక కార్డు. మీ బండి కార్డు ఎవరి పేరు మీద ఉందో అడగండి. ఆ చట్టంలో కార్డుదారుడు తనే గానీ, ఇంటివాళ్లతో గానీ వ్యాపారం నడపాలని ఉంది. కార్డు అద్దెకివ్వకూడదు, అమ్మకూడదు. కార్డుదారుడు పోతే లేదా మంచాన పడితే, గడువు ఉన్నంత కాలం అతని భార్యకు, లేదంటే అతని మీద ఆధారపడిన బిడ్డకు అక్కడ అమ్ముకునే హక్కు ఉంటుంది. తమ్ముడి మాట అందులో లేదు. మాది మా ఆయన పేరు మీద ఉంది. పదేళ్లు పెనం ముందు నిలబడిన మా మరిదికి ఆ కాగితం మీద ఏమీ లేదు. అందుకే ఇప్పుడు అతనికి విడిగా దరఖాస్తు పెట్టాం. ఇంకా రాలేదు.

మా పక్కన ఇంకో బండి వచ్చింది. మేం 70కి అమ్మేది అతను 50కే ఇస్తున్నాడు. మేమూ తగ్గించాలా?
– ఇద్దరు అన్నదమ్ములు, అమీర్‌పేట

అతని సాసేజ్ కొని తిన్నారా? ముందు తినండి. మా అమ్మాయి ఒక కథ చదివి వినిపించింది. న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో ఫెల్ట్‌మన్ అనే పెద్ద హోటల్‌లో హాట్ డాగ్ 10 సెంట్లు. అక్కడే బన్నులు కోసే పని చేసిన నాథన్ హ్యాండ్‌వర్కర్ అనే పోలండ్ కుర్రాడు 1916లో 300 డాలర్లతో సొంత కొట్టు పెట్టి 5 సెంట్లకే అమ్మాడు. మసాలా పాళ్లు అతని భార్య ఐడావి. ఆ పేరు ఇప్పటికీ నడుస్తోంది. కాబట్టి 50కి ఇచ్చేవాడు పిచ్చివాడని అనుకోకండి, నాథన్ కావచ్చు.

కానీ మీ 36 ఖర్చుకు 50 అంటే ఒక్కోదాని మీద 14 మిగులుతుంది. ఇప్పుడు మిగిలే డబ్బు రావాలంటే రెండున్నర రెట్లు అమ్మాలి. మీ ఇద్దరి చేతులకు, ఒక పెనానికి అది సాధ్యమేనా? మేం ఒక పని చేశాం. 70ది అలాగే ఉంచి, సగం బన్నులో సగం సాసేజ్ 40కి పెట్టాం. లైబ్రరీ పిల్లలు ‘అక్కా, సగం ఇస్తారా’ అని అడిగి అడిగి నేర్పించిందే అది. నెలాఖరున ఊరి నుంచి డబ్బులు రానప్పుడు సగాలే ఎక్కువ పోతాయి. ఉద్దెర మాత్రం ఇవ్వకండి. నేను ఇస్తాను, అది వేరే సంగతి, మా ఆయనకు తెలియదు.

కార్తీక మాసంలో బండి మూసేయాలా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

మూయకండి. మా దగ్గర ఆ నెల చికెన్ మూడో వంతుకు పడిపోతుంది, సోమవారాలు ఇంకా తక్కువ. పనీర్ పొడుగు ముక్కలు, ఆలూ మొక్కజొన్న కట్లెట్ సాసేజ్ ఆకారంలో వత్తి పెడతాం. కానీ వేరే పెనం, వేరే అట్లకాడ, వేరే కత్తి కావాలి. మాంసం పెనం మీదే పక్కకు జరిపి కాలిస్తే ఒక్క మనిషి చూసినా నెలంతా రారు. మేం ఆ నెల చికెన్ పెనం గల్లీ అటు చివర చిన్న బల్ల మీద పెడతాం. దాని దగ్గర మరిది, ఇటు నేను. రెండు గల్లాలు. రాత్రికి పుస్తకం ఒకటే.